సెంటు సీసా మీది ఈడీపీ, ఈడీటీలను చదివి ఎంచుకోవడం ఎలా?

తిరుపతిలో సెంటు కొనేవారిలో చాలామంది మూత తీసి వాసన చూస్తారు, ధర అడుగుతారు, కొనేస్తారు. పేరు కింద సన్నని అక్షరాలతో సెంటు గాఢతను తెలిపే ఒక్క వరుసను మాత్రం చదవరు. మధ్యాహ్నానికే వాసన పోయిందని దుకాణదారును నిందించడమూ, పెళ్లి మంటపంలో పక్కవారికి తలనొప్పి తెప్పించడమూ చాలావరకు ఆ వరుసను చదవకపోవడం వల్ల జరిగేవే.

కావలసినవి కొన్నే: సీసా, దాని అట్టపెట్టె, దుకాణంలో ఇచ్చే కాగితపు పట్టీలు, ఆ రోజు ఏ సెంటూ రాసుకోని ముంజేయి.

మొదట పెట్టె ముందు వైపున పేరు కిందనున్న ఫ్రెంచి మాటను చూడండి. అన్నింటికంటే గాఢమైనది ‘పార్ఫమ్’ లేదా ‘ఎక్స్‌ట్రే ద పార్ఫమ్’. ఇందులో పరిమళ తైలాలు సుమారు 20 నుంచి 30 శాతం ఉంటాయి. ‘ఓ ద పార్ఫమ్’, అంటే ఈడీపీలో 15 నుంచి 20 శాతం, ‘ఓ ద త్వాలెత్’, అంటే ఈడీటీలో 5 నుంచి 15 శాతం, ‘ఓ ద కొలోన్’లో 2 నుంచి 5 శాతం ఉంటాయి. మిగిలినదంతా ప్రధానంగా ఆల్కహాలు, కొంత నీరు.

అసలు జాగ్రత్త ఇక్కడే కావాలి. పై అంకెలు వాడుకలో ఉన్న హద్దులే గానీ చట్టం గీసిన గీతలు కావు. ఒక కంపెనీ ఈడీటీ మరొక కంపెనీ ఈడీపీ కంటే గాఢంగా ఉండవచ్చు. పెట్టె మీద ‘80% వాల్యూమ్’ అని కనిపిస్తే అది ఆల్కహాలు పాళ్లు మాత్రమే. దానిని సెంటు గాఢతగా చూపించి అమ్మేవారిని నమ్మకండి. అలాగే వెనుక వైపు పదార్థాల పట్టికలో ఉండే ‘పార్ఫమ్’ అన్న మాట అందులో పరిమళ మిశ్రమం కలిసిందని మాత్రమే చెబుతుంది. సబ్బు మీదా, క్రీము మీదా కూడా అదే ఉంటుంది.

ఇంగ్లీషు వాడుక మరో చిక్కు తెచ్చిపెడుతుంది. ఇంగ్లీషులో ‘పెర్ఫ్యూమ్’ అంటే ఏ సెంటైనా కావచ్చు, ‘కొలోన్’ అంటే అమెరికాలో మగవారి సెంటు ఏదైనా కావచ్చు. ఫ్రెంచి వరుసలో మాత్రం ఆ రెండూ గాఢతకు రెండు కొసలు. అందువల్ల దుకాణంలో నోటిమాటగా ‘కొలోన్’ అన్నా, పెట్టె మీద ఏముందో చూసే నిర్ణయించుకోవాలి. జర్మనీలోని కొలోన్ నగరంలో 1709లో మొదలైన ఫరీనా వారి సంస్థతో ప్రసిద్ధికెక్కినది నిమ్మజాతి వాసనల తేలికపాటి నీరు. అది రోజంతా నిలవాలని ఆశించడం దానికి అన్యాయం చేయడమే.

ఒకే పేరున్న ఈడీటీకి మరికొంత తైలం కలిపితే ఈడీపీ అవుతుందనుకోవడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. చాలా కంపెనీలు కూర్పునే మారుస్తాయి. షనెల్ కంపెనీ సెంటు ‘నంబర్ 5’ మొదట 1921లో వచ్చింది; దాని ఈడీపీని 1986లో ఆ కంపెనీ సెంట్ల రూపకర్త జాక్ పోల్జ్ వేరుగా కూర్చారు. కాబట్టి ఈడీటీని వాసన చూసి ఈడీపీని కొనకూడదు. గాఢత ఒక్కటే నిలకడను నిర్ణయించదు కూడా: నిమ్మ, బత్తాయి వాసనలు ఎంత గాఢంగా ఉన్నా త్వరగా ఎగిరిపోతాయి, చందనం, కస్తూరి వంటివి తక్కువ పాళ్లలోనైనా గంటల తరబడి నిలుస్తాయి.

తరువాతి పని సులువు. పట్టీ మీద చూసి నచ్చినదాన్ని ముంజేతి మీద ఒక్కసారి కొట్టి, రుద్దకుండా వదిలేయండి. మొదటి పది నిమిషాల వాసనను చూసి డబ్బు ఇవ్వకూడదు. గాంధీ రోడ్డులో మిగతా పనులు చూసుకుని గంట తరువాత మళ్లీ వాసన చూడండి. మధ్యలో కాఫీ గింజలు వాసన చూడమని కొందరు ఇస్తారు. దానికంటే బయటి గాలి పీల్చడమే మేలు, ఎందుకంటే కాఫీ కూడా మరో ఘాటైన వాసనే.

మన ఎండలకు పగలు ఈడీటీ లేదా కొలోన్, రాత్రి వేడుకలకు ఈడీపీ వాడాలి; ఎక్స్‌ట్రేను వేలి కొనతో మణికట్టుకు ఒక్క చుక్క అద్దితే చాలు. పట్టు పంచె మీదా, పట్టుచీర మీదా ఏదీ కొట్టకూడదు, తైలం మరక పడుతుంది. వాడిన సీసాను పెట్టెలోనే ఉంచి, కిటికీకీ స్నానాలగదికీ దూరంగా బీరువాలో పెట్టండి.