పింఛను డబ్బుతో చెన్నైలో కాపురం: నెల ఖర్చు ముందే ఎలా లెక్క వేసుకోవాలి?

పిల్లలు అక్కడ స్థిరపడ్డారనో, పెద్దాసుపత్రులు దగ్గరగా ఉంటాయనో నెల్లూరు, ఒంగోలు, చిత్తూరు వైపు నుంచి రిటైరైన దంపతులు చాలామంది చెన్నైకి మారాలని చూస్తుంటారు. చుట్టాలను అడిగితే ఒకరు "పాతిక వేలుంటే హాయిగా గడిచిపోతుంది" అంటారు, ఇంకొకరు "యాభై వేలైనా చాలదు" అంటారు. ఇద్దరూ చెప్పేది వాళ్ల ఇంటి లెక్కే. మీది మీరే వేసుకోవాలి. అందులోనూ అద్దె గురించి అందరూ ఆలోచిస్తారు కానీ, చిన్న పింఛనుదారుల జేబు ఖాళీ చేసేది అద్దె వెనకాల వచ్చే నీళ్లు, కరెంటు, మందులు, సొంతూరి రాకపోకలు.

ముందు రాబడి రాయండి

ఖాయంగా వచ్చేదే రాయండి. పిల్లలు పంపుతామన్నది, పొలం కౌలు పక్కన పెట్టండి. ప్రభుత్వ పింఛనైతే కరవు భత్యంతో కొంత పెరుగుతుంది. పీఎఫ్ ఉన్న ఉద్యోగాలవాళ్లకు వచ్చే ఈపీఎస్ పింఛను అలా పెరగదు, పదేళ్ల తర్వాత కూడా దాదాపు అంతే ఉంటుందనుకుని లెక్క వేయాలి. సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో 15 లక్షలు వేశారనుకుందాం. 8.2 శాతం చొప్పున మూడు నెలలకోసారి 30,750 రూపాయలు వస్తాయి, అంటే నెలకు 10,250. కానీ ఆ డబ్బు చేతికొచ్చేది మూడు నెలలకోసారే. మధ్య రెండు నెలలు దేంతో గడుపుతారో కూడా రాసుకోండి.

ఈపీఎస్ పింఛనుదారులకు ఒక బెంగ తీరింది. 2025 జనవరి నుంచి దేశంలో ఏ బ్యాంకు శాఖలోనైనా పింఛను తీసుకోవచ్చు, ఊరు మారినంత మాత్రాన కాగితాలు మార్పించుకునే పని లేదు.

ఇప్పటి ఇంటి ఖర్చును మూడు భాగాలు చేయండి

సొంతూళ్లో రెండు నెలలు ప్రతి రూపాయీ పుస్తకంలో రాయండి. తర్వాత ఆ పద్దుల్ని విడదీయండి: చెన్నైలోనూ అంతే ఉండేవి (బియ్యం, పప్పులు, ఫోను), పెరిగేవి (పాలు, కూరగాయలు, పనిమనిషి), కొత్తగా పుట్టేవి (అద్దె, మెయింటెనెన్స్, క్యాన్ నీళ్లు, ఆటోలు). సొంతూళ్లో డబ్బు పెట్టకుండా వచ్చేవి కూడా మరిచిపోవద్దు. పెరట్లో కాసే ములక్కాడలు, ఎదురింటివాళ్లు ఇచ్చే గోంగూర, తెలిసిన ఆర్‌ఎంపీ చూసే జ్వరం అన్నీ అక్కడ కొనుక్కోవాల్సినవే.

పేట ఎంచుకోవడంలోనే సగం బడ్జెట్

కొడుకు ఓఎంఆర్‌లో (దక్షిణ చెన్నైలో ఐటీ కంపెనీలుండే రోడ్డు) పనిచేస్తున్నాడని మీరూ అటే ఇల్లు తీసుకోనక్కర్లేదు. ఊరికి తరచూ వెళ్లేవాళ్లకు ఉత్తర, పడమర వైపు పేటలు మేలని నా గట్టి అభిప్రాయం. ఆంధ్ర బస్సులు మాధవరం బస్టాండు నుంచి బయలుదేరతాయి. గుమ్మిడిపూండి, సూళ్లూరుపేట వైపు లోకల్ రైళ్లు సెంట్రల్ పక్కనున్న మూర్ మార్కెట్ స్టేషన్ నుంచి నడుస్తాయి. దక్షిణాన తాంబరంలో ఉంటూ నెలకోసారి నెల్లూరు వెళ్లాలంటే, మాధవరం చేరడానికి ఆటోకయ్యే డబ్బు బస్సు టికెట్టును మించిపోవచ్చు. కొళత్తూరు, విల్లివాక్కం, అంబత్తూరు, ఆవడి వైపు అద్దెలు మైలాపూరు, అడయారులతో పోలిస్తే తక్కువ, తెలుగువాళ్ల ఇళ్లూ కనిపిస్తాయి.

సిటీ బస్సుల్లో కొంత వెసులుబాటు ఉంది. 2021 నుంచి మామూలు ఛార్జీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం. 60 ఏళ్లు దాటిన చెన్నై వాసులకు సిటీ బస్సుల సంస్థ ఎంటీసీ నెలకు 10 ఉచిత టోకెన్లు ఇస్తుంది. దానికి చెన్నై చిరునామా రుజువు కావాలి, కాబట్టి అద్దె ఒప్పందం, ఆధార్ మార్పు ఆలస్యం చేయకండి.

ఇల్లు చూసేటప్పుడు అడగాల్సినవి

అడ్వాన్సు ఎంత? ఒప్పందంలో వేరేగా రాసుకోకపోతే మూడు నెలల అద్దె మించకూడదని తమిళనాడు అద్దె చట్టం అంటుంది. ఆచారంలో ఐదు నుంచి పది నెలలు అడిగేవాళ్లున్నారు. 9,000 అద్దెకు పది నెలలంటే 90,000. ఆ డబ్బు 8.2 శాతానికి ఉంటే నెలకు 615 రూపాయలు వచ్చేది, కాబట్టి మీ అసలు అద్దె 9,615. బేరమాడండి, తగ్గిస్తారు.

కరెంటు సంగతి మరీ నిలదీసి అడగాలి. చెన్నైలో ఈబీ (కరెంటు బోర్డు) బిల్లు రెండు నెలలకోసారి వస్తుంది, మొదటి 100 యూనిట్లు ఉచితం. మీ పోర్షనుకు సొంత ఈబీ మీటరు ఉంటేనే ఆ లాభం మీకు దక్కుతుంది. చాలాచోట్ల ఇంటాయన సబ్ మీటరు పెట్టి యూనిట్‌కు ఇంత అని ఒకే రేటు వసూలు చేస్తారు. ఆ రేటు 8 రూపాయలైతే 300 యూనిట్లకు 2,400 కట్టాలి. సొంత మీటరైతే అంతకంటే బాగా తక్కువే వస్తుంది. ఇంకొకటి, రెండు నెలల వాడకం 500 యూనిట్లు దాటితే కింది శ్లాబుల్లోని తక్కువ రేటు కొంత పోతుంది. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు సుమారు ఒక యూనిట్ లాగుతుంది. రాత్రికి 8 గంటలు, 60 రాత్రులంటే 480 యూనిట్లు ఏసీకే. ఫ్రిజ్జు, ఫ్యాన్లు కలిస్తే గీత దాటినట్టే. ఎండాకాలం బిల్లు వేరే వరసలో రాసుకోండి.

నీళ్ల విషయం ఇంటాయనను కాదు, పక్కింటివాళ్లను అడగండి. మెట్రో వాటర్ (నగర కుళాయి నీళ్లు) వస్తుందా, బోరు ఉప్పగా ఉంటుందా, మే నెలలో ట్యాంకర్ ఎన్నిసార్లు తెప్పించారు, ఆ డబ్బు ఎవరెవరు పంచుకున్నారు? 2019 వేసవిలో పుళల్, చెంబరంబాక్కం చెరువులు ఎండిపోయినప్పుడు ఊరంతా ట్యాంకర్ల మీద బతికింది. మన కండలేరు నుంచి వెళ్లే కృష్ణా నీళ్లు చెన్నైకి నీళ్లిచ్చే పూండి జలాశయం చేరితే కాస్త ఊరట, కానీ దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయలేం. తాగడానికి, వంటకు రోజుకు పది లీటర్లనుకుంటే నెలకు 20 లీటర్ల క్యాన్లు పదిహేను కావాలి. క్యాన్ ధర, పై అంతస్తుకు మోసుకొచ్చే కూలీ కలిపి గుణించండి.

వాన నీళ్లు కూడా అడగండి. 2015 డిసెంబరులోనూ, 2023 డిసెంబరు తుపానులోనూ వేలచ్చేరి లాంటి చోట్ల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. గ్రౌండ్ ఫ్లోరులో చవగ్గా ఇల్లు దొరికితే, ఎందుకు చవకో గోడ మీద తేమ గుర్తు చూసి తెలుసుకోండి. మోకాళ్ల నొప్పులవాళ్లకు లిఫ్టు లేకపోతే రెండో అంతస్తు, ఆపైవి వద్దు, మొదటి అంతస్తు చూడండి.

అద్దె, మెయింటెనెన్స్, కరెంటు, నీళ్లు నాలుగూ కలిపి రాబడిలో 40 శాతం దాటితే ఆ ఇల్లు వదిలేయమని నేను చెప్తాను.

మందులు, ఆసుపత్రి

70 దాటినవాళ్లకు ఆదాయంతో సంబంధం లేకుండా ఆయుష్మాన్ వయ వందన కార్డు ఉంది, కుటుంబానికి ఏడాదికి 5 లక్షల వరకు. అది ఆసుపత్రిలో చేరితేనే పనికొస్తుంది. నెలనెలా వేసుకునే బీపీ, షుగరు మాత్రలు, పరీక్షలు, డాక్టరు ఫీజు మీ జేబులోంచే. ఇప్పటి మాత్రల షీట్లు తీసుకెళ్లి జన ఔషధి దుకాణంలోనో, తమిళనాడు ప్రభుత్వం 2025లో తెరిచిన ముదల్వర్ మరుందగం (ముఖ్యమంత్రి మందుల షాపు)లోనో అదే మందు ఎంతో అడగండి. తేడా మీరే చూస్తారు. మార్చాలనుకుంటే మాత్రం డాక్టరుతో చెప్పి మార్చండి. గిండీలో 2024లో వృద్ధుల కోసమే తెరిచిన ప్రభుత్వ ఆసుపత్రి ఉంది, మీరు చూసే పేట నుంచి అక్కడికి ఎలా వెళ్లాలో రాసిపెట్టుకోండి.

ఏడాదికోసారి వచ్చేవి

బీమా ప్రీమియం, పెళ్లిళ్ల చదివింపులు, సంక్రాంతికి ఊరు, సొంతింటి పన్ను, సామాను లారీ ఖర్చు అన్నీ కూడి పన్నెండుతో భాగించి నెల లెక్కలో కలపండి. రైల్లో వృద్ధుల రాయితీ 2020 మార్చి నుంచి లేదు, టికెట్ పూర్తి ధరకే వేయండి. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్లలో ఖర్చు రెట్టింపవుతుంది, కాబట్టి ఇవాళ్టి రాబడి మొత్తం ఖర్చయిపోయే లెక్కైతే అది సరిపోని లెక్కే.

చివరగా, మే నెలలో ఒక నెల అదే పేటలో అద్దెకు ఉండి చూడండి. పిల్లల ఇంట్లో ఉంటే ఖర్చు కనిపించదు. ఆ నెల రాసిన పుస్తకాన్ని మీ అంచనాతో పోల్చండి. తేడా పదో వంతు లోపు ఉంటే ధైర్యంగా మారొచ్చు. అప్పుడు కూడా సొంతూరి ఇల్లు అమ్మకండి, ఏడాది పాటు అద్దెకివ్వండి.