ఊరిది ఒక మాట, మీది ఒక మాట అయినప్పుడు: కొత్త సర్పంచులకు

తెలంగాణలో 2025 డిసెంబరు పంచాయతీ ఎన్నికల్లో గెలిచిన సర్పంచులు చాలామంది నన్ను ఒకటే అడుగుతున్నారు. "అక్కా, ఊరంతా ఒక మాట మీదుంది. నాకేమో అది సరి కాదనిపిస్తున్నది. ఓట్లేసినోళ్లు చెప్పినట్టు చెయ్యాల్నా, నాకు తోచింది చెయ్యాల్నా?" నిజామాబాద్ జిల్లాలో ఒక ఊరికి 2019 నుంచి 2024 దాకా సర్పంచుగా పనిచేశాను. నేను పాటించిన పద్ధతి చెబుతాను.

ముందు, ఆ "ఊరంతా" ఎవరో చూడండి. మా వైపు ఊరి మాట అంటే చాలాసార్లు గ్రామాభివృద్ధి కమిటీ మాటే. కులానికొకరు చొప్పున మగవాళ్లు కూర్చుని ఒకటి అనుకుంటారు, మర్నాడు డప్పు చాటింపు వేయిస్తారు. అది ఊరి నిర్ణయమైపోతుంది. ఆ కమిటీకి చట్టంలో చోటు లేదు. 2018 పంచాయతీరాజ్ చట్టం గుర్తించేది గ్రామసభను, దాన్ని రెండు నెలలకోసారి పెట్టాల్సింది మీరు. అయితే గ్రామసభకు వచ్చినవాళ్లంతా ఊరు కాదు. మధ్యాహ్నం పూట సభ పెడితే బీడీలు చుట్టే ఆడవాళ్లు రారు. ఆ రోజు చుట్టాల్సిన బీడీలు చుట్టకపోతే వాళ్లకు కూలి పోతుంది. పసుపు తవ్వే రోజుల్లో కూలీలు రారు. గల్ఫ్‌లో ఉన్నవాళ్లు ఊరి వాట్సాప్ గ్రూపులో గట్టిగా మాట్లాడతారు, కానీ వాళ్లింట్లో అత్తా కోడళ్ల అభిప్రాయం వేరే ఉండొచ్చు.

అందుకే సభకు ముందు మీరే తిరగాలి. ఆడవాళ్లు నలుగురు ఒక అరుగు మీద చేరి చాటలు ముందేసుకుని బీడీలు చుడుతుంటారు కదా, అక్కడ కూర్చోండి. పొద్దున్నే ఉపాధి హామీ పని దగ్గరికి వెళ్లండి. ఎస్సీ కాలనీకి రాత్రి అన్నాలయ్యాక వెళ్లండి. "మీకు ఇష్టమేనా?" అని అడగొద్దు, సర్పంచు ముందు ఎవరైనా ఇష్టమే అంటారు. "ఇది చేస్తే మీ ఇంటికి ఏమవుతుంది?" అని అడగండి. నేను విన్న అసలు మాటలన్నీ ఆ ప్రశ్నకు వచ్చినవే.

ఆ తర్వాత చూడాల్సింది: ఈ పనితో లాభం ఎవరికి, నష్టం ఎవరికి?

లాభనష్టాలు అందరికీ సమానమైతే మీ పట్టు వదలండి. మా ఊళ్లో డబ్బులొచ్చినప్పుడు ముందు మురికికాలువ కట్టాలని నేను, సీసీ రోడ్డు వెయ్యాలని జనం. వానాకాలంలో నీళ్లు ఎక్కడ నిలుస్తాయో చూపించి, ఇంజనీరు (ఏఈ)తో చెప్పించి, రెండు సభల్లో వాదించాను. అయినా రోడ్డే కావాలన్నారు. వేయించాను. ఆ డబ్బు వాళ్లది, ఆ దారిన నడిచేదీ వాళ్లే, ఆ బురద వచ్చినా అందరి గుమ్మంలోకీ వస్తుంది. ఇలాంటి చోట నాకే ఎక్కువ తెలుసనడం ఒంటెత్తు పోకడ. బతుకమ్మ ఘాటు ఎక్కడ కట్టాలి, సంత ఏ రోజు పెట్టాలి, ఇవన్నీ నలుగురితో నారాయణ అనాల్సిన పనులే.

లాభం ఎక్కువమందికి, భారం కొద్దిమందికి అయినప్పుడు మాత్రం చేతులు లెక్కపెట్టి ఊరుకోకూడదు. 2019లో ఊళ్ల శుభ్రత కోసం సర్కారు పెట్టిన పల్లె ప్రగతి కార్యక్రమం మొదలయ్యాక ప్రతి ఊరికీ డంపింగ్ యార్డు కావాల్సి వచ్చింది. మా దగ్గర ఎస్సీ కాలనీ పక్కన సర్కారు భూమి ఉంది. ట్రాక్టరుకు దగ్గర, డీజిల్ తక్కువ, కాబట్టి అక్కడే పెట్టాలని సభలో ఎక్కువమంది అన్నారు. కాలనీ బోరు ఆ భూమిని ఆనుకునే ఉంది. ఓటు పెడితే నేను ఓడిపోయేదాన్ని. అందుకని ప్రశ్న మార్చాను. "మీ ఇంటి వెనక పెట్టుకోవడానికి ఎవరు ఒప్పుకుంటారు?" అన్నాను. ఒక్క చెయ్యీ లేవలేదు. ఒక పెద్దాయన మాత్రం లేచి, "అందరం అనుకున్నం బిడ్డా, నువ్వొక్కదానివి వద్దంటే ఎట్ల?" అన్నాడు. "నేనొక్కదాన్ని కాదు పెద్దయ్యా, ఆ కాలనీలో ఉన్నోళ్లు కూడా ఓటేస్తేనే గెలిచిన" అని చెప్పాను. గుట్ట కింద స్థలం చూపించి, డీజిల్ తేడా కాగితం మీద రాసి, వార్డు మెంబర్ల ఇళ్లకు ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. ఎందుకంటే పంచాయతీ తీర్మానం లేకుండా ఇలాంటి పని సర్పంచు ఒంటరిగా చెయ్యలేరు, చెయ్యకూడదు. వాళ్లలో ఎక్కువమంది ఒప్పుకున్నాకే తీర్మానం రాశాం. కొన్నాళ్లు కొందరు నాతో మాట్లాడలేదు. అది భరించాల్సిందే.

ఇక చట్టం ముందే తేల్చిన విషయాలను సభలో ఓటుకు పెట్టనే పెట్టకండి. ఒక కుటుంబాన్ని వెలివేయడం, వాళ్లతో మాట్లాడితే జరిమానా అనడం, బెల్టు షాపును, అంటే లైసెన్సు లేని మద్యం దుకాణాన్ని, వేలం పాట పెట్టడం, ఇవి ఊరంతా చేతులెత్తినా చెల్లవు. అంటరానితనాన్ని రాజ్యాంగం 17వ అధికరణం రద్దు చేసింది, దాని మీద గ్రామసభకు అభిప్రాయం అక్కర్లేదు. చాటింపు పడకముందే పోలీసులకు, తహసీల్దారుకు రాతపూర్వకంగా తెలియజేయండి. పడ్డాక ఆపడం చాలా కష్టం.

సారా సంగతి ఇంకొంచెం చెప్పాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్లు సారా దుకాణం మూయించే నాటికి వాళ్లది మెజారిటీ అని ఏ నాయకుడూ అనుకోలేదు. 1992లో ఆ ఉద్యమం జిల్లాలు దాటింది. 1993లో సారా, 1995లో మద్యం మొత్తం నిషేధించారు. మద్య నిషేధాన్ని 1997లో ఎత్తేశారన్నదీ నిజమే. కానీ మీకు వినిపిస్తున్న మెజారిటీ, అసలు మెజారిటీ ఒకటి కాకపోవచ్చని ఇంతకంటే బాగా చెప్పే ఉదాహరణ నాకు తెలియదు.

కాదని చెప్పాలనుకుంటే ముందే చెప్పండి, కారణంతో చెప్పండి, అందరి ముందూ చెప్పండి. నాన్చకండి. భాషాప్రయుక్త రాష్ట్రాలతో దేశ ఐక్యత దెబ్బతింటుందని నెహ్రూ నిజంగానే భయపడ్డారు. అది ఆయన సొంత ఆలోచన, స్వార్థం కాదు. కానీ ఆంధ్ర రాష్ట్రంపై తేల్చకుండా సాగదీశారు. 1952 డిసెంబరు 15న పొట్టి శ్రీరాములు ప్రాణం పోయింది, నాలుగు రోజులకు ప్రకటన వచ్చింది. అప్పుడు ఒప్పుకున్నది ముందే ఒప్పుకోవాల్సింది అని నా అభిప్రాయం. మీ భయం నిజమైనదే అయినా జనాన్ని అంతదాకా తేవొద్దు.

సభకు వెళ్లే ముందు రాత్రి మిమ్మల్ని మీరు ఒకటి అడగండి: ఇది నా ఆలోచనా, నా పొలం గట్టా? ఆ రోడ్డు మీ బావమరిది ప్లాటు ముందుగా పోతుంటే, ఆ కాంట్రాక్టు మీ వాళ్లకు దక్కుతుంటే, మీ "సొంత నిర్ణయాన్ని" పక్కన పెట్టి ఉప సర్పంచునూ వార్డు మెంబర్లనూ తేల్చనివ్వండి. ఆ సంగతి సభలో మీ నోటితోనే చెప్పండి.

ఏది తేల్చినా మినిట్స్ పుస్తకంలో ఎవరేం అన్నారో రాయించండి, మీకు వ్యతిరేకంగా అన్నవి కూడా. కార్యదర్శి "మెజారిటీ ఆమోదించింది" అని ఒక్క ముక్కలో ముగిస్తే సంతకం పెట్టకండి. మళ్లీ ఎప్పుడు చూస్తామో తేదీ వేయించి, ఆ తేదీకి జరిగే గ్రామసభ ఎజెండాలో దాన్నే మొదటి అంశంగా పెట్టండి.