పాప పక్క ఎక్కడ వేయాలి?

మా చీపురుపల్లి వైపు ఆశా వర్కర్లం బాలింత ఇంటికి 3వ రోజు నుంచి 42వ రోజు దాకా ఆరుసార్లు వెళ్తాం. బరువు తూచడం, బొడ్డు చూడడం తర్వాత. నేను ముందు చూసేది పాప పడక. ప్రమాదమే లేని చోటు ఏ ఇంట్లోనూ ఉండదు, ఉన్నవాటిలో ఏది నయమో తేల్చుకోవాలి.

నులక మంచం వద్దు. నులక సాగి మధ్యలో గుంట పడుతుంది, తల్లి పడుకోగానే పాప అందులోకి జారి ఆమె ఒంటికి అదుముకుపోతుంది. పరుపైతే అరచేత్తో నొక్కి తీయండి. గుంట అలాగే నిలిచిపోతే అదీ పనికిరాదు.

చీర ఉయ్యాల దగ్గరే నాతో దెబ్బలాడతారు. "మేం పెంచలేదేటి?" అంటారు ముసలమ్మలు. కళ్లెదుట కాసేపు ఊపితే కాదనను, రాత్రంతా మాత్రం వద్దు. ఒకసారి చీర అంచు తీసి చూడండి: వీపు విల్లులా వంగి, గడ్డం రొమ్ముకు ఆని ఉంటుంది. మెడ నిలవని పసిగుడ్డుకు అలా ఉంటే ఊపిరి సరిగా ఆడదు, ఏడుపూ రాదు.

నేల మీద బొంత గట్టిగా, చదునుగా ఉంటుంది, పడిపోయే భయం లేదు. కానీ వానాకాలం పొలం పక్క ఇళ్లలోకి కట్లపాము, తేలు వస్తాయి. దోమతెర అంచులు చుట్టూ బొంత కిందకి దోపితేనే నేల. లేదంటే కమ్మీలున్న చిన్న మంచం నయం. పడిపోకుండా దిండ్లు పేర్చడం మరీ ప్రమాదం, ముక్కుకు అడ్డం పడతాయి. ఆవాల దిండూ అక్కర్లేదు.

ఎక్కడైనా వెల్లకిలానే. పాలు కక్కితే గొంతుకు అడ్డం పడుతుందని టెన్షన్ పడతారు గానీ, వెల్లకిలా ఉన్నప్పుడు ఊపిరి గొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయి. కక్కినది కిందికే పోతుంది.

కనీసం ఆరు నెలలు తల్లి గదిలోనే, చేయి చాపితే అందేంత దూరంలో, వేరే పక్క మీద. అడ్డచుట్ట కాల్చే నాయనమ్మ పక్కలోనో, మందు తాగొచ్చిన నాన్న పక్కలోనో అస్సలు వద్దు. నెలలు నిండకుండా పుట్టినా, 2.5 కిలోల లోపు ఉన్నా తల్లి పక్కలో కూడా వద్దు. రాత్రి కుర్చీలోనో సోఫాలోనో పాలిస్తూ కునుకు తీయకండి. అది అన్నిటికన్నా చెడ్డది.

మే నెలలో కరెంటు పోతే తలుపులు తెరవండి, టోపీ, చొక్కా తీసేయండి. దోమతెర మాత్రం ఎత్తకండి.