క్రికెట్‌తో పాఠాలు చెప్పండి, కానీ ఓవర్ల దగ్గర జాగ్రత్త

టీవీలో మ్యాచ్ పెట్టి పిల్లల్ని కూర్చోబెడితే పాఠం అయిపోదు. గోడకు ఆటగాళ్ల ఫొటోలు అతికించినా అంతే. దేవరకొండ దగ్గర ఒక ఊళ్లో నాలుగు, ఐదు తరగతులకు చెప్తున్నాను. పిల్లలు ఆడాలి, ఆడింది రాయాలి, రాసింది లెక్క కట్టాలి.

టెన్నిస్ బంతి, బ్యాటు, మూడు కంది కట్టెలు, టేపు, కొంచెం సున్నం చాలు. కార్క్ బంతి బడి గేటు లోపలికే రావద్దు.

ముందు పిచ్ కొలిపించండి. 22 గజాలు, అంటే 20.12 మీటర్లు. మొదట అంగలతో, తర్వాత టేపుతో. ఒకరికి 36 అంగలు, ఇంకొకరికి 43 వస్తే టేపు ఎందుకు కావాలో వాళ్లకే తెలుస్తుంది. కట్టెలు 28 అంగుళాలకు కోయించండి. ఐదేసి ఓవర్లు ఆడించండి. అమ్మాయిల్ని స్కోరు రాయడానికే కూర్చోబెట్టొద్దు. 2025లో మలేషియాలో జరిగిన అండర్-19 ప్రపంచకప్‌లో సెంచరీ కొట్టిన గొంగడి త్రిష మన భద్రాచలం పిల్లే. రెండు చోట్లనూ పటంలో వెతికిస్తే సాంఘికం కూడా అయిపోతుంది.

ఇక అసలు చిక్కు ఓవర్ల లెక్క. నేనూ బోల్తా పడ్డాను. ఒక జట్టు 3.4 ఓవర్లు, ఇంకోటి 2.5 ఓవర్లు ఆడితే కూడి, బోర్డు మీద 5.9 అని రాసేశాను. వెనక బెంచీ నుంచి ఒకడు లేచి, "సార్, ఓవర్‌కి ఆరు బంతులే గదా, తొమ్మిదో బంతి ఎవరేసిన్రు?" అన్నాడు.

అక్కడ చుక్క దశాంశ బిందువు కాదు. 3.4 అంటే 3 ఓవర్ల 4 బంతులు, మొత్తం 22. రెండోది 17. కలిపితే 39. 39 చింతగింజలు పోసి, ఆరేసి గింజలతో కుప్పలు పెట్టించండి: ఆరు కుప్పలు, మూడు గింజలు మిగులు. అంటే 6 ఓవర్ల 3 బంతులు. గింజలు లేకుండా నోటితో చెప్తే నిలవదు, నాది అనుభవం.

రన్‌రేట్ (ఓవర్‌కి సగటున ఎన్ని పరుగులు) దగ్గర ఇదే తప్పు ఇంకా దాక్కుంటుంది. 22 బంతుల్లో 33 పరుగులు చేస్తే 33ను 3.4తో భాగించి 9.7 అంటారు. నిజానికి బంతికి ఒకటిన్నర, ఓవర్‌కి 9. అంతే. అందుకే మా బడిలో ఓవర్లకు ఒక గడి, బంతులకు ఒక గడి. చుక్క పెడితే స్కోరు పుస్తకం తీసుకోను. టీవీలో పెడతారు కదా అని తోటి టీచర్లు వాదిస్తారు. పెట్టుకోనివ్వండి, టీవీ వాళ్లు నిన్ననే దశాంశాలు నేర్చుకున్నవాళ్లు కాదు.

చివరి ఓవర్‌ని తెలుగులో రెండుసార్లు రాయించండి: ఒకసారి కామెంటరీలా "కొడుతున్నాడు" అని, ఇంకోసారి పేపర్ వార్తలా "కొట్టాడు" అని. కాలాలు వాటంతట అవే వస్తాయి. మొన్న ఒకమ్మాయి, "బంతి కందిచేన్ల పడ్డది, ఎవ్వరు పోతలేరు" అని రాసింది. అలాంటివి దిద్దకండి.