బట్టల కొట్టుకు జకాత్ లెక్క ఇలా వేస్తాను

జకాత్ అంటే స్థోమత ఉన్న ముస్లింలు ఏటా తమ సొత్తులో కొంత భాగం పేదలకు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం. కర్నూల్లో మాది చిన్న బట్టల కొట్టు. ఏటా రంజాన్ మొదటి రోజున లెక్కల పుస్తకం తీస్తాను. జకాత్‌కు చూసే హిజ్రీ ఏడాది, అంటే చంద్రుణ్ణి బట్టి నడిచే ముస్లిం ఏడాది, మనం వాడే క్యాలెండర్ కన్నా దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి మార్చి 31 లెక్క ఇక్కడ పనికిరాదు.

ముందు సరుకు. ఇక్కడే నేను చాలా ఏళ్లు తప్పు చేశాను, కొన్న ధర వేసుకునేవాణ్ణి. ఈరోజు అమ్మితే ఎంతొస్తుందో అది రాయాలని మా ఇమామ్ సాబ్ చెప్పారు. మూలపడ్డ చీరలకు మూలపడ్డ ధరే వేయండి. ర్యాకులు, కుట్టు మిషన్, ఉంటున్న ఇల్లు లెక్కలోకి రావు.

నగల సంగతి? మేం హనఫీలం (ముస్లిం ధర్మశాస్త్రంలో ఒక సంప్రదాయం వాళ్లం), ఒంటిమీది బంగారానికీ జకాత్ ఇస్తాం. కానీ అది మా ఆవిడ సొత్తు, ఆమె లెక్క వేరు.

ఉదాహరణకు సరుకు 4,00,000, నగదు 1,10,000, తప్పక వసూలయ్యే బాకీలు 40,000. హోల్‌సేల్ వాళ్లకు ఇవ్వాల్సిన 1,50,000 తీసేస్తే 4,00,000. ఇది యాభై రెండున్నర తులాల వెండి ధరకు, అంటే దాదాపు 612 గ్రాముల ధరకు తగ్గకపోతే రెండున్నర శాతం, 10,000 రూపాయలు ఇవ్వాలి.

అమ్మానాన్నలకు, పిల్లలకు ఇస్తే చెల్లదు. పేద అక్కచెల్లెళ్లకు ఇవ్వొచ్చు. జకాత్ అని చెప్పక్కర్లేదు. నేనైతే మా చెల్లెలికి పండగ ఖర్చులకని కవర్లో పెట్టి ఇస్తాను. ఫిత్రా (రంజాన్ పండగకు పేదలకిచ్చే దానం) దీనితో కలపకండి, అది ఈద్ నమాజుకు ముందే వేరుగా ఇచ్చేయాలి.