పార్టీకి రంగురంగుల సలాడ్: అడుగున నీళ్లు చేరకుండా

పండ్లూ కూరగాయలూ కలిపిన సలాడ్‌కి రుచి కుదరకపోవడం అరుదు, చెడేది రూపమే. కలిపినప్పుడు మెరిసిపోతుంది. గంట తిరిగేసరికి అడుగున నీళ్లు, పైన వడలిన ముక్కలు. ఉప్పు తగిలిన ముక్క లోపలి నీటిని వదిలేస్తుంది, అంతే. కాబట్టి ఏం వేశామన్న దానికంటే ఉప్పు ఎప్పుడు వేశామన్నదే ఇక్కడ ముఖ్యం.

తలా 150 గ్రాముల లెక్కన 12 మందికి 1.8 కిలోల ముక్కలు కావాలి. దానికి కీరదోస 400 గ్రాములు, క్యారెట్ 250, ఎరుపు, పసుపు క్యాప్సికమ్ కలిపి 300, తొక్క తీసిన పైనాపిల్ 400, యాపిల్ 300, నల్ల ద్రాక్ష 200, ఉడికించి చల్లార్చిన స్వీట్‌కార్న్ 150, ఒక దానిమ్మ తీసుకోండి. తొక్కా గింజా పోగా సరిపోతుంది. పుచ్చకాయ, బాగా పండిన బొప్పాయి, అరటిపండు వద్దు. మొదటిది నీరు కారుతుంది, మిగతా రెండూ గరిటె తగిలితే చిదికిపోతాయి.

అన్నీ కడిగి, తడి పూర్తిగా ఆరాకే తరగండి. ముక్క ఒకటిన్నర సెంటీమీటర్లు ఉంటే చెంచాలో రెండు మూడు రంగులు ఒకేసారి పడతాయి. క్యారెట్ మాత్రం గట్టిది, దాన్ని అందులో సగం మందానికి తరగాలి.

అసలు దొంగ కీరదోస. ముందు కొన కోసి చేదు చూడండి. తర్వాత నిలువుగా రెండుగా చీల్చి, మధ్యలో జారుగా ఉండే గింజల భాగాన్ని చెంచాతో పై నుంచి కింది దాకా ఒక్క లాగులో గీకేయండి. మిగిలిన గట్టి కండను తరిగి, పొడి బట్ట మీద పది నిమిషాలు పరచండి. ఈ ఒక్క పని చేస్తే నీళ్ల గొడవ చాలావరకు తీరిపోతుంది.

యాపిల్ గాలి తగిలి గోధుమరంగుకి తిరుగుతుంది. లీటరు నీళ్లలో రెండు టేబుల్‌స్పూన్ల నిమ్మరసం కలిపి, ముక్కల్ని ఐదు నిమిషాలు ఉంచి వడకట్టండి. దానిమ్మను నీళ్ల గిన్నెలో ముంచి విడదీస్తే గింజలు అడుక్కి, తెల్లపొర పైకి చేరతాయి, బట్టలకు మరకలూ ఉండవు. చిన్న పిల్లలు తినేట్టయితే ద్రాక్షను నిలువుగా నాలుగు చీలికలు చేయండి, గొంతులో అడ్డుపడదు. బీట్‌రూట్ వేయాలనిపిస్తే పక్కన చిన్న గిన్నెలో పెట్టండి. కలిపితే రంగురంగుల సలాడ్ కాస్తా గులాబీరంగు సలాడ్ అవుతుంది.

తరిగినవాటిని విడివిడి డబ్బాల్లో, అడుగున పొడి బట్ట వేసి, మూత పెట్టి ఫ్రిజ్‌లో మూడు నాలుగు గంటలు ఉంచవచ్చు.

డ్రెస్సింగ్‌కి ఆరు టేబుల్‌స్పూన్ల ఆలివ్ నూనె, నాలుగు నిమ్మరసం, ఒకటి తేనె, అర టీస్పూన్ మిరియాల పొడి. సీసాలో పోసి, మూత బిగించి, చిక్కబడేదాకా గిలక్కొట్టండి. పెరుగు డ్రెస్సింగ్ ఇష్టమైతే తాజా పైనాపిల్ మానేయాలి. అందులోని ఎంజైమ్ పాల మాంసకృత్తుల్ని విరిచేసి పెరుగును పలచగా, చేదుగా మారుస్తుంది. డబ్బాలో వచ్చే పైనాపిల్‌ను తయారీలోనే వేడి చేస్తారు కనుక దానితో ఆ బాధ లేదు.

వడ్డనకు పావుగంట ముందు, లోతు గిన్నెలో కాకుండా వెడల్పాటి పళ్లెంలో కూరగాయలూ పండ్లూ కలిపి డ్రెస్సింగ్ పోయండి. దానిమ్మ, తుంచిన పుదీనా పైన చల్లండి. మొత్తానికి ఒకటిన్నర టీస్పూన్ల ఉప్పు, అదీ సరిగ్గా బల్ల మీద పెట్టబోయేటప్పుడే పడాలి. సగం సలాడ్‌కి సగం ఉప్పు వేసి బయట పెట్టి, రెండో సగాన్ని ఉప్పు లేకుండా ఫ్రిజ్‌లో ఉంచితే ఆలస్యంగా వచ్చినవాళ్లకూ కరకరలాడేదే దొరుకుతుంది. బయట రెండు గంటలు, ఎండవేడిలో అయితే ఒక్క గంట దాటినదాన్ని పారేయాల్సిందే.

ఇంత చేసినా నీరు ఊరితే పళ్లెం వంచి ఒంపేయండి. ఉప్పూ పులుపూ ఆ నీళ్లతోనే పోతాయి కాబట్టి చిటికెడు ఉప్పు, ఒక చెంచా నిమ్మరసం మళ్లీ కలిపి, వేయించిన బాదం పలుకులు గుప్పెడు చల్లండి.