ఎవరూ ముట్టకుండానే మోడెమ్ డయల్ చేస్తోందా?

విండోస్ 98 సెకండ్ ఎడిషన్‌లో ఇంటర్నెట్ కనెక్షన్ షేరింగ్ పెట్టుకుని, ఫోన్ లైను మీద డయల్ చేసి నెట్‌కి కలిపే ఒకే మోడెమ్‌ని రెండు మూడు కంప్యూటర్లు వాడుకునే ఇళ్లకు ఇది. మోడెమ్ ఉన్న కంప్యూటర్‌ని హోస్ట్ అందాం.

సమస్య: రెండో కంప్యూటర్‌లో ఏ సైటూ తెరుచుకోదు, మోడెమ్ చప్పుడే చేయదు.
ఆ కంప్యూటర్‌లో విన్‌ఐపీసీఎఫ్‌జీ (కంప్యూటర్ నెట్‌వర్క్ అడ్రస్ చూపించే ప్రోగ్రామ్) నడిపి అడ్రస్ చూడండి. 192.168.0తో మొదలైతే నెట్‌వర్క్ బాగానే ఉంది. 169.254తో మొదలైతే హోస్ట్ నుంచి అడ్రస్ అందలేదన్నమాట. హబ్‌లో (కంప్యూటర్ల కేబుళ్లన్నీ కలిసే పెట్టె) లైటు వెలుగుతోందా చూసి, హోస్ట్ ఆన్‌లో ఉండగా అదే ప్రోగ్రామ్‌లో రిలీజ్, రెన్యూ నొక్కండి, పాత అడ్రస్ వదిలి కొత్తది అడుగుతుంది. హోస్ట్‌లో హబ్‌కి కలిసే లాన్ కార్డుకి 192.168.0.1 అడ్రస్ ఉండాలి, దాన్ని కెలకొద్దు.

సమస్య: హోస్ట్‌లో డయలింగ్ బాక్సు వచ్చి, ఎవరైనా కనెక్ట్ నొక్కేదాకా అలాగే ఉంటుంది.
డయల్-అప్ నెట్‌వర్కింగ్ సెట్టింగ్స్‌లో, డయల్ చేసేముందు అడగాలన్న టిక్ తీసేయండి. పాస్‌వర్డ్ సేవ్ చేయండి. సేవ్ కానివ్వట్లేదా? విండోస్ మొదలైనప్పుడు వచ్చే లాగిన్ బాక్సుని ఎస్కేప్ కొట్టి దాటేసి ఉంటారు. అక్కడ పేరిచ్చి లోపలికి వస్తేనే అది పాస్‌వర్డ్ గుర్తుపెట్టుకుంటుంది. చాలామంది చిక్కుకునేది ఇక్కడే.

సమస్య: అర్ధరాత్రి మోడెమ్ తనంతట తానే డయల్ చేస్తుంది.
అసలు టెన్షన్ ఇదే. ఇలాగే ఒక నెల ఫోన్ బిల్లు చూసి మా నాన్నగారు మోడెమ్ వైరు పీకి బీరువాలో పెట్టేశారు! ఏదో ఒక కంప్యూటర్ నెట్ అడుగుతోందన్నమాట. ఏదో తెలియాలంటే హబ్ నుంచి హోస్ట్‌ది తప్ప మిగతా కేబుళ్లు ఒక్కొక్కటిగా తీసి చూడండి. ఏది తీస్తే డయలింగ్ ఆగిందో దొంగ అదే. మా ఇంట్లో అరగంటకోసారి ఉత్తరాలు వెతికే మెయిల్ ప్రోగ్రామ్. మెసెంజర్, యాంటీవైరస్ అప్‌డేట్ కూడా ఇదే పని చేస్తాయి. వాటిలో ఆటోమేటిక్ చెకింగ్ ఆపేయండి. మోడెమ్ ప్రాపర్టీస్‌లో, పని లేకుండా 10 నిమిషాలుంటే లైను కట్ చేయమని పెట్టండి. అయితే మెయిల్ 5 నిమిషాలకోసారి చూస్తుంటే ఆ 10 నిమిషాలు ఎప్పటికీ నిండవు.

సమస్య: మొదటి పేజీ రాదు, రెండోసారి వస్తుంది.
లైను కలిసేలోపు బ్రౌజర్ విసుగెత్తి వదిలేస్తుంది. రిఫ్రెష్ కొట్టండి, అంతే.

సమస్య: డయల్ టోన్ లేదంటుంది, ఫోన్‌లో మాత్రం వినిపిస్తుంది.
ముందు పక్కగదిలో రిసీవర్ ఎత్తి ఉందేమో చూడండి. లేదంటే మీ ఎక్స్ఛేంజ్ టోన్‌ని మోడెమ్ గుర్తుపట్టట్లేదు. మోడెమ్ ప్రాపర్టీస్‌లోని అడ్వాన్స్‌డ్‌లో ఎక్స్‌ట్రా సెట్టింగ్స్ దగ్గర ఎక్స్3 (X3) అని రాస్తే, టోన్ కోసం ఆగకుండా డయల్ చేస్తుంది.